గళ్ల లంగ లోపల

ప్రేమ్‌సాగర్‌రావు దొర సికింద్రాబాద్ దండు బజారులో ఒకసారి సిపాయిల బ్యాండు చూశాడు. వాళ్లు మోకాళ్ల దాకా కుచ్చిళ్లు పెట్టిన గళ్ల ఉన్ని లంగలు కట్టుకొని వరుసగా నడుస్తుంటే ఆ సొగసు ఆయన కళ్లలో నిలిచిపోయింది. బిడ్డ పెండ్లి కుదరగానే అటువంటి లంగలే కుట్టించి తెప్పించాడు. చొప్పదండి బ్యాండు అవి కట్టుకొనే వాయించాలని కబురు పంపాడు.

చొప్పదండి బ్యాండు అంటే సాలెవాడ మగవాళ్లే. నవాబు పాలన పోయి కొత్త రాష్ట్రం ఏర్పడిన తొలి ఏండ్లవి. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోతుంటే, పెండ్లిళ్ల కాలంలో వాళ్లు వాయిద్యాలు పట్టేవాళ్లు. మేళానికి పెద్ద దేవదాసు. క్లారినెట్ వాయించే కైలాసం అతని బామ్మర్ది. కైలాసం అక్క అనసూర్యను దేవదాసు చేసుకున్నాడు.

కబురు విని కైలాసం భార్య సత్తమ్మ నవ్వలేదు. నవ్వుతుందనుకొని గడపలోనే ఆగిపోయిన కైలాసానికి అది ఇంకా కష్టమనిపించింది.

"లోపల ఏం కట్టుకుంటవ్ మరి?" అని అడిగింది.

"బావ ఏం కట్టుకోవద్దన్నడు. సిపాయిలు ఉత్తగనే కట్టుకుంటరట. దర్జీ చెప్పిండట."

"సిపాయిలది చలిదేశమేమో. గీ ఎండల ఉన్ని ఒంటికి తాకితే పొక్కిపోతది. గోచి పెట్టుకో."

కైలాసం గోచి పెట్టుకొనే బయలుదేరాడు.

పొరుగూళ్లో కోటలాంటి దొర గడికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. దొర దగ్గర పెత్తనం చేసే హనుమంతు వాళ్లను బండ్ల కొట్టంలోకి తీసుకుపోయి లంగలు పంచాడు. అందరూ గోడవైపు తిరిగి మార్చుకున్నారు. విడిచిన దోతులను హనుమంతు మూటగట్టి చంకన పెట్టుకున్నాడు.

"చాకలికి ఏస్త. ఉతికి తెల్లగ జేసి ఇస్తరు," అన్నాడు.

అడగకుండానే ఉతికిస్తున్నారని పెద్ద డోలు కొట్టే లక్ష్మీరాజం సంబరపడ్డాడు కూడా.

ఆ సాయంత్రం మగపెండ్లివారి ఎదురుకోళ్లు. ఊరి పొలిమేర నుంచి విడిది దాకా వాయిస్తూ నడిచారు. ఉన్ని బరువుకు నడుము దగ్గర చెమట కారి తొడల మీదికి దిగింది. గోచి ముందువెనకలు కప్పిందే గాని తొడలకు అడ్డం లేదు. నడిచినకొద్దీ ఒకదానికొకటి రాసుకున్నాయి, వాటి మీద ఉన్ని గరుకు. విడిది చేరేసరికి కైలాసం కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తున్నాడు. రెండు వైపులా మనుషులు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. క్లారినెట్ నోట్లో ఉన్నందుకు అతను సంతోషించాడు. ముఖం ఎలా పెట్టాలో ఆలోచించే పని లేదు.

బంతిలో కూర్చునే దగ్గర ఇంకో ఇబ్బంది వచ్చింది. నేల మీద బాసింపట్టు వేసుకుంటే లంగ తొడల పైకి లేస్తుంది. మోకాళ్లు దగ్గర పెట్టుకొని పక్కకు ఒరిగి కూర్చుంటే విస్తరి అందదు. వడ్డించే ఆడవాళ్లు ఎదురుగా వస్తున్నారు. ఒక్కొక్కరే విస్తరి చేత్తో ఎత్తుకొని కొట్టంలోకి పోయి, గోడకు ముఖం పెట్టి నిలబడి తిన్నారు.

తెల్లారి దోతుల సంగతి అడిగితే హనుమంతు, "ఎండుతున్నయి," అన్నాడు. మధ్యాహ్నం అడిగితే, "పెండ్లి పనులల్ల చాకలోళ్లకు తీరుతలేదు," అన్నాడు. ఇక అతని అంగీ పట్టుకొని అడిగినా మాట మారదని కైలాసానికి తెలిసిపోయింది.

గోచి ఒక్కటే ఉంది. చెమటకు కంపు కొడుతుంది. విప్పి ఉతుక్కుంటే ఆరిందాకా ఉన్ని నేరుగా పుండ్ల మీద పడుతుంది. ఉతుక్కోకపోతే దురద. కొట్టంలో ఎవరూ ఆ మాట ఎత్తరు గాని అందరూ కాళ్లు ఎడంగానే పెట్టి నడుస్తున్నారు. కొట్టం వాకిట్లో నిలబడితే గడి పెద్ద దర్వాజా కనబడుతుంది. దానికి తాళం లేదు, గడియ లేదు. బండ్లు, బంధువులు వచ్చిపోతూనే ఉన్నారు. కైలాసం ఆ దర్వాజా వైపు చూసి, తన మోకాళ్ల వైపు చూసుకొని, లోపలికే వచ్చేవాడు. ఈ బట్టలతో ఊరు దాటి పోవడం అతని ఊహలోకే రాలేదు. బావిలో దిగిన మనిషికి మీద ఆకాశం కనబడినట్టు కనబడేది దర్వాజా.

నెత్తికి చుట్టుకొచ్చిన రుమాలు ఒక్కటి అతని దగ్గర మిగిలింది. తన మగ్గం మీద తనే నేసుకున్నది. ఉతికి ఉతికి పాత చీరలా మెత్తబడింది. దాన్ని ఒళ్లో పరుచుకొని చాలాసేపు చూశాడు. తర్వాత పూలు గుచ్చే ఆడవాళ్ల దగ్గరికి పోయి, కాస్త దూరంలో నిలబడి, "అక్కా, సూది జర ఇస్తవా? దారం గూడ," అన్నాడు.

రామవ్వ అనే ఆమె తలెత్తి చూసింది. అతని నడక ముందే చూసి ఉంటుంది. సూదికి దారం ఎక్కించి, ముడి వేసి మరీ ఇచ్చింది.

రుమాలు చింపి రెండు లాగులు కుట్టాడు. మోకాలికి జానెడు పైనే ఆగేట్టు, లంగ కింద కనబడకుండా. తొడల మధ్య బిగిస్తే మళ్లీ కోస్తుందని అక్కడ నాలుగు మూలల ముక్క ఒకటి అతికి వదులు చేశాడు. కుట్టు అంచు ఒంటికి తగలకుండా బయటికి తిప్పాడు. బావి దగ్గర నీళ్లు పోసుకొని, ఒళ్లు పూర్తిగా ఆరనిచ్చి ఒకటి తొడుక్కున్నాడు. నూలు తాకగానే ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఒకటి ఒంటి మీద, ఇంకొకటి ఎండలో.

లక్ష్మీరాజం తన రుమాలు తెచ్చి అతని ముందు పెట్టాడు. అతని వెనక ఇంకొకరు. కైలాసం పొద్దుగూకేదాకా కుడుతూ కూర్చున్నాడు. దేవదాసు మాత్రం చూసీ చూడనట్టు తన బాకా తుడుచుకుంటున్నాడు.

మర్నాడు కొట్టం వెనక తాడు కట్టి ఉతికిన లాగులు ఆరేశారు. విడిది మేడ మీద నుంచి ఆ తాడు కనబడుతుందని ఎవరికీ తట్టలేదు. మగపెండ్లివారిలో ఎవరో చూసి నవ్వారట. కాసేపటికి హనుమంతు వచ్చి తాడుతో సహా లాగేసి, వంటల దగ్గర పొయ్యిలో పడేశాడు. కైలాసం వెంట పరుగెత్తేసరికి నూలు కాలే వాసన వచ్చింది. ఏ సాలెవాడైనా కళ్లు మూసుకొని గుర్తుపట్టే వాసన.

అతను అక్కడి నుంచి నేరుగా గడి అరుగు దగ్గరికి పోయాడు. దొర వియ్యంకులతో కూర్చొని ఉన్నాడు.

"దొరా, మా దోతులు ఇప్పియ్యుండ్రి. కాళ్లు ఒరుసుకపోయినయి. నడువ వస్తలేదు."

దొర కోప్పడలేదు. తమాషాగా చూశాడు. "నన్నడుగుతవేందిర? తీసి దాచుమన్నది మీ దేవదాసే. పెండ్లి నడుమల మీరు లేచిపోతరని ఆయనకే పరేషాన్. మంచి ఉపాయమే అనిపించింది నాకు."

వియ్యంకులు నవ్వారు. కైలాసానికి ఆ నవ్వు చెవికెక్కలేదు. కొట్టానికి తిరిగి వచ్చి దేవదాసు ఎదుట నిలబడ్డాడు.

"నిజమేనా బావా?"

దేవదాసు బాకా కింద పెట్టలేదు. "పోయినేడు పెద్దపల్లి పెండ్లిల ఏం జేసిండ్రు మీరు? అన్నం బాగ లేదని సగంల లేచిపోయిండ్రు. నేనొక్కణ్ని వాళ్ల కాళ్లు మొక్కిన. గీ దొర దగ్గర గట్లయితే మేళం ఉంటదా?"

"అడిగితే ఉండకపోదుమా?"

"అడిగితే ఎవడుంటడు?"

"నేను పోతున్న."

"పో. గట్లనే పో, లంగ మీద." దేవదాసు గొంతు తగ్గించాడు. "మీ అక్క నా ఇంట్లనే ఉంటది. అది యాదుంచుకొని పో."

కైలాసం కాళ్లు అక్కడే ఆగిపోయాయి. బయటి మనుషులు కట్టిన ముడి అయితే విప్పుకోవచ్చు. ఇది ఇంట్లోది. ఉంటే ఈ ఉన్నిలో, ఈ కొట్టంలో. పోతే బావ కసి అక్క మీద. లక్ష్మీరాజం తల దించుకొని డోలు తాళ్లు బిగిస్తున్నాడు. మిగతావాళ్లూ ఎవరి పనిలో వాళ్లే ఉన్నారు. బయట ఊరేగింపుకు ఏనుగు బొమ్మ బండి తోలుకొస్తున్నారు. ఆ రోజు ఇంకో ఊరేగింపు ఉంది, రేపు ఇంకొకటి. తొడల మీద పుండ్లు మండుతున్నాయి. ఒంటి మీద ఉన్న లాగు ఒక్కటే ఇప్పుడు. అది తడిస్తే మార్చుకునేందుకు రెండోది లేదు.

క్లారినెట్‌ను గుడ్డలో చుట్టి దేవదాసు పక్కన పెట్టాడు. అది మేళానిది. తర్వాత వాకిలి దాటాడు.

దర్వాజా దగ్గర కాపలా మనిషి లేచి నిలబడ్డాడు గాని ఆపలేదు. ఆపమని అతనికి ఎవరూ చెప్పలేదు. మగవాడు ఇలా బయటికి వస్తాడని ఎవరూ అనుకోలేదు మరి.

ఊళ్లో నుంచి నడవడమే కష్టమైంది. బావి దగ్గర ఆడవాళ్లు చేదలు వదిలేసి చూశారు. పోరగాళ్లు వెంటపడి కేకలు పెట్టారు. కైలాసం తల దించుకొని వేగంగా నడవబోయాడు. వేగంగా నడిస్తే పుండ్లు కోస్తున్నాయి. అందుకని మెల్లగా, అందరూ చూడగలిగినంత మెల్లగా నడవాల్సి వచ్చింది. ఊరి చివర గాలికి కుచ్చిళ్లు లేచి లోపలి లాగు కనబడింది. మొదటిసారి చేతులతో అదుముకున్నాడు. రెండోసారి అదుముకోలేదు. చొప్పదండి బస్సు పక్కనే ఆగింది. కిటికీల్లోంచి చూసే ముఖాలను చూసి, ఎక్కకుండా చెయ్యి ఊపి పంపేశాడు. ఎండలో నడిచే వచ్చాడు. ఇల్లు చేరేదాకా అతనికి విడుదలైనట్టు అనిపించనే లేదు. గడి వెంటే వస్తున్నట్టు, వెనక్కి చూస్తే దర్వాజా కనబడుతుందన్నట్టు నడిచాడు.

సత్తమ్మ చూసి, "లోపలికి రా," అంది. తలుపు దగ్గరికి వేసింది. దోతి ఇచ్చి, లంగ తీసి మూలకు తోసింది. పుండ్లను వేడినీళ్లతో కడిగి, కొబ్బరినూనెలో పసుపు కలిపి పెట్టింది. అప్పుడు ఏడ్చాడు కైలాసం.

పెండ్లి ముగిశాక హనుమంతు మనిషి వచ్చి లంగ తీసుకుపోయాడు. దోతి ఇచ్చాడు. దేవదాసు రాలేదు. మేళంలోకి మళ్లీ పిలవలేదు. కైలాసం మగ్గం మీద కూర్చున్నాడు, నూలు దొరికిన రోజున నేస్తూ, దొరకని రోజున అంచులు సరిచేస్తూ.

ఒక మధ్యాహ్నం అనసూర్య వచ్చింది. మగ్గం గుంట అంచున కూర్చొని పడుగు వైపు చూసింది.

"కొట్టిండా అక్కా?" అన్నాడు కైలాసం.

"లేదు. మాట్లాడుతలేడు. నన్నిటు రావొద్దన్నడు." కొంగు సర్దుకుంది. "దొర దోస్తులకు గా లంగలు నచ్చినయట. ఇంకో పెండ్లికి గూడ గవే కట్టుకోవాల్నట. ఆయన తొడలు గూడ పొక్కినయి తమ్మీ. రాత్రిళ్లు పండుకోలేకపోతుండు. నువ్వు కుట్టినవట గదా ఏదో లాగు. ఎట్ల కత్తిరియ్యాల్నో జర చెప్పు."

చెప్పనని అనడానికి కైలాసానికి నోటి దాకా మాట వచ్చింది. అక్క ముఖంలో అడిగినందుకు సిగ్గు, అడగక తప్పని అలసట రెండూ ఉన్నాయి. తను దర్వాజా దాటి వచ్చాడు. ఆమె మొగుని ఇల్లు అలా విడిచి రాలేదు.

లేచి పాత దోతి ఒకటి తీసి చింపాడు. తొడల మధ్య నాలుగు మూలల ముక్క ఎక్కడ అతకాలో చూపించాడు. "రెండు కుట్టు. ఒకటి తొడుక్కుంటే ఒకటి ఎండాలె. తడిది ఒంటి మీద ఉంచుకోవద్దను. ఉతికినంక ఎండల ఎయ్యమను, నీడన గాదు," అన్నాడు. "నేను చెప్పిన్నని చెప్పకు."

"చెప్పను," అంది అనసూర్య.

గుడ్డలు మడిచి కొంగు కింద పెట్టుకొని, వాకిట్లో అటూ ఇటూ చూసి, గోడ నీడన నడుస్తూ పోయింది. దసరా దాకా మళ్లీ ఆ ఇంటికి రాలేదు.