ఏడో రేవు గేటు

రేవుల్లో మిషన్లు బాగుచేసే ఆయన్ని అందరూ స్క్రూడ్రైవర్ మావయ్య అనేవారు. పద్దెనిమిదేళ్లుగా పడవల రేవులు ముప్పైరెండింటికీ ఆయనే దిక్కు. ఎక్కడ టికెట్ గేటు మొరాయించినా సంచీ భుజాన వేసుకుని పరుగే. ఏ రేవు కంప్యూటర్‌కి ఏ మందు పనిచేస్తుందో ఆయనకే ఎరుక.

అలాంటిది, ఆ కంప్యూటర్లన్నిటినీ, ఆఫీసులో ఇంజినీరుగా చేరిన ఆయన మేనకోడలు కొత్త పద్ధతికి మార్చేసింది. రేవుకి మూడేసి చిన్న కంప్యూటర్ పెట్టెలు. వాటిలో ప్రోగ్రాములు సీలు వేసిన డబ్బాల్లా కంటైనర్లలో ఉంటాయి. ఒక పెట్టె పడకేస్తే దాని పని మిగతా రెండూ అందుకుంటాయి. అసలు సిస్టమ్‌ని మాత్రం అక్కడికెళ్లి ఎవరూ మార్చలేరు. ఏ చిన్న మార్పయినా ఆఫీసులో తయారై, సిస్టమ్ మొత్తం కొత్తగా వెళ్లాల్సిందే.

"నా చేతులు కట్టేశావు కదే!" అని మావయ్య వారం రోజులు ముఖం మాడ్చుకున్నాడు.

మొదటి పెద్ద మార్పు పంపిన రోజు, పొద్దున్న పదింటికి, ఏడో రేవులో గేట్లు బిగుసుకుపోయాయి. మావయ్య సంచీ అందుకున్నాడు.

"ఐదు నిమిషాలు ఓపిక పట్టు మావయ్యా!" అంది మేనకోడలు.

"అంతలోకి జనం నన్ను నమిలి మింగేస్తారే!"

చెప్పుల్లో కాళ్లు పెట్టేలోపే ఫోన్ మోగింది. ఏడో రేవులో టికెట్లిచ్చే అమ్మాయి. "గేట్లు తెరుచుకున్నాయి మావయ్యా! రాకుండానే ఎలా చేశారు?"

కొత్త సిస్టమ్ సరిగా లేవకపోయేసరికి పెట్టెలు వాటంతటవే పాతదానికి మళ్లిపోయాయి. మేనకోడలు ఎగిరి గంతేసింది. అంతలోనే నుదురు చిట్లించింది.

"ముప్పైఒక్క చోట్ల పనిచేసింది. అక్కడే ఎందుకు చెడింది?"

"అక్కడి గేటు మోటారు వేరే రకమే. పదకొండేళ్ల కిందట మూసేసిన రేవులోంచి ఊడబెరికి నేనే బిగించా. కాగితాల్లో ఉండదు. పద్నాలుగో రేవులో సెన్సర్ తిరగేసి ఉంటుంది, ఇరవైలో అయితే..."

"ఆగాగు, రాసుకోనీ!"

అన్నం వేళ దాటినా ఆయన చెబుతూనే ఉన్నాడు. మూడింటికి అవన్నీ కలిపిన సిస్టమ్ బయలుదేరింది. తెర మీద రేవులు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. ఏడూ పచ్చబడింది. ముప్పైరెండు చోట్లా ఒకేసారి తన చెయ్యి పడినట్టనిపించి ఆయన ఒళ్లు పులకరించింది.

"మరి ఇక నాకు పనేముందే?"

"కొత్తగా నాలుగు రేవులు తెరుస్తున్నారు. నువ్వు చెప్పకపోతే నాకేం తెలుస్తుంది? నా పక్కనే కుర్చీ వేసుకో."

సాయంత్రం ఇద్దరూ పడవెక్కారు. కిటికీ పక్కన ప్రయాణికుడిలా కూర్చోవడం ఆయనకదే మొదలు. దిగేచోట గేటు ఠక్కున తెరుచుకుంటే దాన్నే చూసి నవ్వుకుంటూ నిలబడిపోయాడు.

"ముసిముసి నవ్వులు తర్వాత నవ్వుకుందువు గానీ, ముందు నడు నాయనా!" అని వెనకనుంచి తొంగిచూసి ఒక ముసలమ్మ గదిమింది.