తురాయికి ఒక తల

మ్యూజియం వాళ్లు పంపిన శిరస్త్రాణం భోజనాల బల్ల మీద బోర్లించిన గిన్నెలా కూర్చుంది. పాతకాలపు సైనికులు పెట్టుకునేదానికి నకలు. ఒళ్లంతా ఇత్తడి రేకు, నడినెత్తిన చెక్క పట్టీ, పట్టీ నిండా బెజ్జాలు. వాటిలో ఎర్రరంగు వేసిన బాతు ఈకలు నిలబెట్టి తురాయి కట్టాలి.

నాటకాల కంపెనీ మూతపడేదాకా విగ్గులు కట్టిన ఆవిడకి అదేమంత పెద్ద పని కాదు. కెటిల్ ఆవిరి పట్టి ఈకల వంకర తీసింది. కాడలు ఏటవాలుగా కోసి, మైనం పూసిన దారం చుట్టి, జిగురులో ముంచి ఒక్కొక్కటే బెజ్జంలో దించింది.

చిక్కల్లా తలతో వచ్చింది. తురాయి బల్ల మీద ఒకలా నిలుస్తుంది, నడిచే మనిషి నెత్తిన ఇంకోలా ఊగుతుంది. ఇన్నాళ్లూ ఆ తల చెల్లెలిది. పెళ్లీ పెటాకులూ లేకుండా అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో గడిపేశారు. విగ్గయినా కిరీటమైనా చెల్లెలి నెత్తిన పెట్టి, "తిన్నగా కూర్చోవే, చస్తున్నాను నీతో" అని కసురుకుంటూ పని చేసుకునేది. ఆ చెల్లెలు యాభై దాటాక, బస్సులో పరిచయమైన కళ్లజోళ్ల షాపాయన్ని పెళ్లాడి మొన్న వేసవిలో వెళ్లిపోయింది.

ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఒసే, నీ తల ఓ గంట అరువియ్యవే."

"అయ్యో అక్కా, ఈ వారం కుదరదే. మీ మరిది ప్రయాణం పెట్టారు. వచ్చే వారం వస్తాలే. కోపమా?"

"కోపమెందుకు, నా మొహం!"

మ్యూజియం వాళ్లు రేపే వస్తామన్నారు. చేసేదిలేక తనే పెట్టుకుని గడ్డం కింద తోలుపట్టీ బిగించుకుంది. ముందువైపు అద్దంలో బాగానే ఉంది. వెనకవైపు చూసేదెవరు? తటపటాయించి, తటపటాయించి, వెళ్లి అదే అంతస్తులో ఎదురింటి తలుపు తట్టింది. అక్కడుండే పెద్దాయన దగ్గు వినడమే తప్ప ఆయన్ని పలకరించి ఎరగదు.

సగం ఒలిచిన నారింజ చేతిలో పట్టుకుని తలుపు తీసిన ఆయన నవ్వలేదు.

"ఏమీ అనుకోకండి. ఇది వెనక నిటారుగా ఉందో లేదో చెప్తారా?"

"అటు తిరగండి. నాలుగడుగులు వెయ్యండి. ఆగండాగండి, చివరి మూడూ ఎడమకి ఒరుగుతున్నాయి. మెడ వంచకండి!"

ఆవిడ బిగుసుకుని నిలబడింది. తననింత శ్రద్ధగా ఎవరైనా చూసి ఎన్నాళ్లయిందో! ఆయన ఇంకాసేపు చూస్తే బాగుండుననిపించింది. "అంతేనండి," అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

ఆ మూడు ఈకలూ పీకి, మళ్లీ చుట్టి దించింది. జిగురు ఆరాక చూపిద్దామని వెళితే తలుపుకి తాళం. ఈకల నెత్తితో అక్కడే కొంతసేపు నిలబడి, మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే గబగబా లోపలికి వచ్చేసింది.

మర్నాడు మ్యూజియం మనిషి వచ్చి, "భలే నిలిచిందండీ!" అంటూ పట్టుకుపోయాడు. సాయంత్రం చెల్లెలి ఫోన్.

"ఎవరి నెత్తిన పెట్టావే?"

"నా నెత్తినే."

"అయ్యయ్యో, నేను చూడకుండానా!" చెల్లెలు పగలబడి నవ్వింది. ఆవిడకీ నవ్వొచ్చింది. అవతల మగగొంతు ఏదో పిలిచింది. "ఉండక్కా, మళ్లీ చేస్తాను."

ఆవిడ దీపం వేసి, బల్ల మీది ఎర్రటి నూగంతా తడివేలితో అద్ది తీసింది. చెల్లెలు మళ్లీ చెయ్యలేదు.