తూర్పు గోడలో గొట్టం

ఆ ఏడు పంచాయతీ సమితివాళ్ళ లెక్క ప్రకారం ఆడవాళ్ళ కష్టాలన్నిటికీ మూలం వంటింటి పొగ. పొగ పోతే కళ్ళు బాగుపడతాయి, కళ్ళు బాగుపడితే చదువొస్తుంది, చదువొస్తే దేశం బాగుపడుతుంది. అంచేత బోగోలుకు తూర్పున, సముద్రం వైపు పల్లెల్లో వంద పొగలేని పొయ్యిలు కట్టించాలని పైనుంచి ఉత్తరువు దిగింది. దిగింది ముఖ్యసేవిక ఆనందకుమారి బల్లమీద.

గ్రామసేవికలందరికీ ఆమె పై అధికారి. ఎనిమిదేళ్ళ సర్వీసు. ఆఫీసు నిండా మగవాళ్ళు, మధ్యలో ఆమె కుర్చీ ఒక్కటి. "నాకు తెలీదు" అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. ఒకసారి వింటే ఆ కుర్చీ లాగేస్తారని ఆమె భయం. అది ఉత్త భయమేమీ కాదు. పొయ్యిల ఉత్తరువు వచ్చిన రోజే హెడ్డుగుమాస్తా కామాక్షయ్య "అమ్మగారికి తగిన పనే దొరికింది" అని పక్కబల్లకు వినపడేట్టు గొణిగాడు.

మొదటి పొయ్యి కొత్తదిబ్బలో, పెంచలమ్మ ఇంట్లో కట్టించింది. పెంచలమ్మకు ఐదెకరాల మాగాణి, యాభై ఎకరాల నోరు. ఆమె ఇంట్లో చెల్లిన పొయ్యి ఊరంతా చెల్లుతుంది.

ట్రైనింగులో నేర్పినట్టే పొయ్యి వెనక గోడకు బెజ్జం పెట్టి మట్టిగొట్టం బయటికి తీయించింది. మన ఇళ్ళల్లో వంట ఆగ్నేయం మూల, వండే మనిషి తూర్పు ముఖం. కాబట్టి పొయ్యి వెనక గోడంటే తూర్పు గోడే. ట్రైనింగు ఇచ్చిన ఊళ్ళో సముద్రం లేదు. కొత్తదిబ్బకు తూర్పున సముద్రం తప్ప ఇంకేమీ లేదు.

పొద్దున తొమ్మిదింటికి పొయ్యి ముట్టించారు. పొగ బుద్ధిగా బయటికి పోయింది. కొబ్బరికాయ కొట్టారు. ఆనందకుమారి పదకొండు గంటల బస్సుకు వెళ్ళిపోయింది. పన్నెండు దాటాక సముద్రపు గాలి తిరిగింది. బయటికి పోయిన పొగంతా, అలిగి వెళ్ళిన అల్లుడిలాగా, వెంటనే లోపలికొచ్చింది.

ఆ కొలతలతోనే ఊళ్ళో ఇంకో నలభై పొయ్యిలు కట్టేశారు.

ఈ సంగతి మొదట చెప్పింది కొత్తదిబ్బ గ్రామసేవిక పుష్పకుమారి. ఇరవై రెండేళ్ళ చిట్టమూరు పిల్ల. టెంపరరీ ఉద్యోగం. ఆ జీతం మీదే ఇంట్లో తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు.

"అక్కా, మధ్యాహ్నం పూట పొగ వెనక్కి తంతావుంది. ఇంకో రెండు గొట్టాలు తగిలించి చూరుకంటే పైకి లేపితే సరిపోతుందేమో."

"పచ్చికట్టెలు పెడుతున్నారేమో చూడు," అంది ఆనందకుమారి తలెత్తకుండానే.

"ఎండినవే అక్కా. నేను దగ్గరుండి చూసినాను."

"అయితే వాడకం సరిగా నేర్పు."

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆనందకుమారి కుట్టుక్లాసు చూసే నెపంతో కొత్తదిబ్బ వెళ్ళి, పెంచలమ్మ వంటిల్లు తొంగిచూసింది. లోపల మనిషి కనపళ్ళేదు, దగ్గు మాత్రం వినిపించింది. తప్పు ఎక్కడుందో ఆ క్షణానే తెలిసిపోయింది. ట్రైనింగుది కాదు, కట్టెలది కాదు. ఒక్క మధ్యాహ్నం ఆగి చూడని తనది. అడుగుల చప్పుడు కాకుండా వెనక్కొచ్చేసింది.

కొన్ని ఇళ్ళల్లో అప్పటికే ఆ పొయ్యిలో కోడిని పొదగేశారు. రిపోర్టులో "వాడుకలో ఉన్నవి" అని రాసింది. అబద్ధమేమీ కాదు.

నెల్లూరు నుంచి పెద్దాఫీసరు తనిఖీకి వస్తారని కబురొచ్చింది. ఆనందకుమారి ఆలోచించి పొద్దున ఎనిమిదికి ఏర్పాటు చేసింది. కానీ జీపు ఇసకలో కూరుకుపోయింది. ఆయన పెంచలమ్మ వాకిట్లో దిగేసరికి ఒంటిగంటన్నర. కొబ్బరాకులన్నీ పడమటికి తిరిగి ఊగుతున్నాయి.

పెంచలమ్మ పొయ్యి ముట్టించింది. రెండు నిమిషాలకు ఆఫీసరుగారు జేబురుమాలు తీశారు. మూడో నిమిషానికి వాకిట్లో ఉన్నారు.

"ఇది పొగలేని పొయ్యా?"

"పొయ్యిలో లేదు సారూ," అంది పెంచలమ్మ, "ఉండేదంతా ఇంట్లోనే."

వెనక ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆఫీసరుగారు నవ్వలేదు.

"గొట్టం ఇటు పెట్టమన్నది ఎవరు?"

పుష్పకుమారి ఆనందకుమారి వైపు చూసింది. నింద లేదు ఆ చూపులో, ఎదురుచూపే. 'చెప్పక్కా, నేనూ పక్కనుంటా' అన్నట్టుంది.

ఆనందకుమారికి జీపు పక్కన నిలబడ్డ కామాక్షయ్య కనపడ్డాడు.

"గ్రామసేవిక కొత్తది సార్. కొలతల్లో పొరపాటు చేసినట్టుంది."

ఆ పిల్ల పెదవి కదిలింది. పెంచలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, లోపలికెళ్ళి పొయ్యి ఆర్పేసింది.

పదిహేను రోజులకు కాగితమొచ్చింది. టెంపరరీ వాళ్ళను తీసేయడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు.

సామాన్లు అప్పగించడానికి ఆఫీసుకు వచ్చిన పుష్పకుమారి, అన్నీ బల్లమీద పెట్టి, సంతకం చేసి, లేచింది.

"పొరపాటు ఎవరైనా చేస్తారక్కా. ఆరోజు ఆయన ముందర భయపడినారు, అదీ నాకు తెలుస్తుంది. అంతకుముందు మనిద్దరమే ఉన్నప్పుడు, నాకైనా చెప్పుంటే... నేనేమైనా పరాయిదాన్నా?"

ఆనందకుమారి కలం మూత బిగిస్తూ కూర్చుంది. ఆ మూత అంతకుముందే బిగించి ఉంది.

నెల తర్వాత కొత్తదిబ్బ వెళ్ళింది. మధ్యాహ్నమే. పెంచలమ్మ ఇంటి గొట్టం చూరు దాటి పైకి లేచి ఉంది. పొగ తిన్నగా ఆకాశంలోకి పోతోంది.

"ఆ పిల్ల పొయ్యేముందు కుమ్మరాయన్ని పిలిపించి చూపించి పోయింది," అంది పెంచలమ్మ. "మిగతా నలభై ఇళ్ళకూ వేయించుకున్నాం."

"పెంచలమ్మా, ఆ తప్పు నాదే. పుష్పకుమారిది కాదు."

"తెలుసు లేమ్మా. గొట్టం ఇటు పెట్టమని నువ్వు చెప్తా ఉంటే బెజ్జం కొట్టింది మా ఆయనే గదా. ఆ పొద్దు నువ్వు చెప్తావేమోనని ఊరంతా చూసినాం."

"మరి మీరైనా..."

"నువ్వు చెప్పాల్సింది మేం చెప్తే నీకేం మర్యాద? పోనీ, ఇప్పుడు సారుకు చెప్పినావా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తా ఉండావు?"

మర్నాడే నెల్లూరుకు ఉత్తరం రాసింది, తప్పు తనదేనని, దాచకుండా. జవాబు రెండు లైన్లు. సదరు ఖాళీ భర్తీ అయినది. పొయ్యిలు సక్రమంగా పనిచేయుచున్నట్లు తెలిసి సంతోషము.

తర్వాతి నెల మీటింగులో తన ఉత్తరం నకలు గ్రామసేవికలకు చదివి వినిపించింది. ఆరుగురూ చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నారు. పుష్పకుమారి చోట్లో వచ్చిన మగ్దలీనమ్మ చివర్న కూర్చుంది.

"ఇకనుంచి మీ ఊళ్ళల్లో ఏదైనా సరిగా జరగకపోతే, తప్పు నాదైనా సరే, నా మొహం మీదే చెప్పండి. ఏమీ అనుకోను. ఇప్పుడే చెప్పండి, ఎక్కడ ఏం బాగాలేదు?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయట జీపు స్టార్టయి, ఆగి, మళ్ళీ స్టార్టయింది.

"అంతా బాగానే ఉందమ్మగారూ," అంది మగ్దలీనమ్మ.

మిగతా ఐదుగురూ తలలూపారు.