ఉష పురుడు, నా ట్రైనింగు

మెంటల్ హాస్పిటల్ నుంచి వచ్చిన మనిషి తలమీంచి నీళ్ళు పోసుకుంటే గానీ వంటింటి గడప తొక్కకూడదని మా అత్తగారు జగ్గమ్మ మొదటిరోజే శాసనం చేసేశారు. "ఆ గాలీ ఈ గాలీ అంటించుకొచ్చి పొయ్యి ముట్టుకుంటావేటి? ముందు తానం సెయ్యి" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అదేం అంటురోగం కాదత్తా అని చెప్పాను. వింటేగా! కానీ నాలుగు రోజులు పోయాక చూద్దును కదా, ఆ శాసనమే నాకు వరమై కూర్చుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో, సాయంకాలం పూట గడియ వేసుకుని, ఎవరూ పిలవకుండా, వేణ్ణీళ్ళు ఒంటిమీద పోసుకుంటూ నిలబడ్డ రోజు నాకు లేదు. ఇప్పుడు పాలు పొంగినా, మా పాప హోంవర్కుకి ఏడ్చినా, "అది ఆసుపత్రి తానం సేస్తన్నాది, ఆగండి" అని ఆవిడే అందరినీ ఆపుతున్నారు. ఆవిడ నన్ను అంటు మనిషిని చేశాననుకున్నారు గానీ, నాకు పావుగంట నాదంటూ ఇచ్చారు. అందుకు ఆవిడకి దణ్ణం పెట్టుకోవాలి.

మాది ఆమదాలవలస. మావారు మురళీమోహన్, ఆయన అన్నగారు జగన్నాధం గారు కలిసి ధాన్యం వ్యాపారం చేస్తారు. పాప బడిలో చేరాక నేను దూరవిద్యలో సైకాలజీ ఎమ్మే చేశాను. ఇప్పుడు కౌన్సెలింగు కోర్సులో ఉన్నాను. పుస్తకాలు బట్టీ పడితే చాలదు, మానసిక రోగుల ఆసుపత్రిలో ఆరు నెలలు ఇంటర్న్‌గా ఉండి పని నేర్చుకోవాలి. పొద్దున్నే వంట చేసి, క్యారేజీలు కట్టి, రైలెక్కి విజయనగరం వెళ్తాను, చీకటి పడేలోపు వస్తాను. జీతం లేదు. ఆ 'లేదు' దగ్గరే మా ఇంట్లో తగువంతా. "జీతం లేందాన్ని ఉజ్జోగం అంటారేటి?" అంటాడు మురళి. మరి ఈ ఇంట్లో నేను ఇన్నాళ్ళూ చేసినదానికి ఏ జీతం ఇచ్చారని అడగాలని మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతుంది. మా తోటికోడలు అంగన్‌వాడీ టీచరు. ఆవిడ గడప దాటితే డ్యూటీకి ఎల్లింది అంటారు. నేను దాటితే ఊరు తిరగడానికి ఎల్లింది అంటారు.

ఇంతలో పార్వతీపురంలో ఉన్న మా ఆడపడుచు ఉషకి ఎనిమిదో నెల వచ్చింది. తొలి పురుడు పుట్టింట్లోనే పొయ్యాలి కదా. "వచ్చే నెల నుంచి నువ్వు మానీ. బాలింతకి పత్తెం, పిల్లకి నీళ్ళు, వచ్చీపోయీ జనం... అమ్మ ఒక్కర్తీ ఏటి సేస్తాది?" అన్నాడు మురళి, అన్నంలో చారు కలుపుకుంటూ. అది చెప్పడమే, అడగడం కాదు. మధ్యలో మానేస్తే ఇప్పటిదాకా చేసింది లెక్కలోకి రాదు, మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాలి, అదీ వాళ్ళు చేర్చుకుంటేనే అని చెప్పాను. "నువ్వు సేరకపోతే ఎవరేడుస్తారు?" అన్నాడు. నేనే ఏడ్చాను, మర్నాడు రైల్లో, కిటికీ వైపు తిరిగి.

ఆసుపత్రిలో మాకు నేర్పేది లీలారాణి మేడం. శ్రీకాకుళం బాప్టిస్టు చర్చి కుటుంబం. యాభై దాటిన మనిషి. శాంతంగా ఉన్నప్పుడు పుస్తకాల భాష మాట్లాడతారు, మనసు కదిలితే మా ఊరి మాటే. మొదటి వారమంతా ఆవిడ చెప్పిన పాఠం ఒకటే: "అడగండి. అడిగాక ఊరుకోండి. ఎదుటి మనిషి ఊరుకున్నా మీరు తొందరపడి మధ్యలో దూరకండి." అబ్బ, అదెంత కష్టమో! మా ఇంట్లో ఎవరైనా మాట్లాడకుండా కూర్చున్నారంటే నావల్ల ఏదో తప్పు జరిగిందని అర్థం. వెంటనే కాఫీ గ్లాసో సంజాయిషీయో పట్టుకుని పరుగెత్తడమే నాకు తెలుసు. నాతోపాటు నేర్చుకునే పిల్లలంతా విశాఖపట్నం నుంచి వచ్చినవాళ్ళు, పెళ్ళిళ్ళు కానివాళ్ళు. నన్ను అక్కా అంటారు, నా క్యారేజీలో చేపల పులుసు నాకంటే ముందు వాళ్ళే ఖాళీ చేస్తారు.

ఒకరు పేషెంటుగా నటిస్తే ఇంకొకరు ప్రశ్నలడిగి నేర్చుకోవడం అక్కడి పద్ధతి. ఒకరోజు నేను పేషెంటుని. దుర్గాభవాని అనే పిల్ల నా ఎదురుగా కూర్చుని, "మీకు ఏం చేస్తే సంతోషంగా ఉంటుందండీ?" అని అడిగి, పాఠం ప్రకారం ఊరుకుంది. ఏదో ఒకటి కల్పించి చెబుదామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. నిజంగానే రాలేదు. నన్ను ఒక మాట అడిగి, నా జవాబు కోసం ఒక మనిషి అలా ఆగడం నా ఎరుకలో లేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. "అక్క భలే నటిస్తుంది మేడం!" అన్నారు పిల్లలు చప్పట్లు కొట్టి. మేడం మంచినీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి, "యాక్టింగు బాగున్నాది గానీ, మొకం కడుక్కుని రా తల్లీ" అన్నారు. ఇంకేమీ అడగలేదు. అలా అడగకపోయినందుకు కూడా నేను ఆవిడకి రుణపడి ఉన్నాను.

ఆ వారమే సాలూరు నుంచి ధనలక్ష్మి అనే అమ్మాయిని తీసుకొచ్చారు. భర్త లారీ డ్రైవరు, లోడు వేసుకుని రాయపూర్ వైపు వెళ్ళాడు. వెంట వచ్చింది అతని అన్న. "తింటాది, పని సేస్తాది, మాటే లేదండి. గాలి సోకిందని తాడు కట్టించేం, దిగలేదు" అని అన్నీ అతనే చెప్పాడు. నేను రాసుకున్నాను. కేస్ షీటులో మనిషి కూర్చునే తీరు, నిలబడే తీరు ఎలా ఉన్నాయో రాయాల్సిన చోట 'మామూలుగానే ఉంది' అని రాసి మేడం ముందు పెట్టాను.

మేడం కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఆ అమ్మాయి ఎలా కూర్చుంది?"

"కూర్చోలేదు మేడం. గోడవారగా నిలబడింది."

"మీరు మాట్లాడినంతసేపూనా? పక్కన కుర్చీ లేదా?"

"ఉంది మేడం. కానీ బావగారున్నారు కదా. బావగారి ముందు ఎలా కూర్చుంటుంది?" అనేశాను. అనేశాక నా మాట నాకే వినబడింది. దుర్గాభవాని నా వైపు వింతగా చూస్తోంది. తనైతే, కూర్చోమన్నా కూర్చోవడం లేదని దాన్ని పెద్ద రోగ లక్షణంగా రాసి ఉండేది. నాకేమో అది కంటికి ఆననే లేదు. జగన్నాధం గారు హాల్లో ఉన్నంతసేపూ నేను వంటింటి గుమ్మంలో నిలబడే ఉంటాను మరి.

తిడతారనుకున్నాను. మేడం తిట్టలేదు. "ఇప్పుడు నోటితో అన్నావే, అది రాయాలి కుసుమా. ఈ పిల్లలకి తెలీదు, నీకు తెలుసు. నీకు అలవాటైంది కదా అని దాన్ని మామూలు అనీకు. ఎల్లు, ఆయన్ని బయట కూకోబెట్టి ఆ పిల్లని మళ్ళీ అడుగు" అన్నారు.

అతన్ని పంపించి తలుపు వేశాను. ధనలక్ష్మి కుర్చీ అంచు మీద కూర్చుంది. ఒంట్లో ఎలా ఉందమ్మా అని అడిగాను. ఊరుకున్నాను. ఎంతసేపటికో, "ఏటి సెప్పమంటారు?" అంది. గొంతు జీరపోయి ఉంది. నెమ్మదిగా చెప్పుకొచ్చింది. కడుపు పోయిందట. ఆ మర్నాడే బావగారి కూతురికి ఓణీల ఫంక్షను. మూకుడు ముందు కూర్చుని అరిసెలన్నీ ఈమే వేసిందట. "సుభమా అని ఫంక్షనైతే ఏడుపేటి అన్నారమ్మా. నోరిప్పితే ఏడుపొచ్చీసేది. అందుకే మాటాడ్డం మానీసేను" అంది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. తనివితీరా ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, నన్ను ఎగాదిగా చూసి, "మీ బావగారి ముందర మీరు కూకుంటారా మేడంగారూ?" అని అడిగింది. అడిగి, ఊరుకుంది. ఆమెకి ఆ పాఠం ఎవరు చెప్పారో! నేను మాత్రం తప్పించుకోలేకపోయాను. "లేదమ్మా" అన్నాను. ధనలక్ష్మి పైటచెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత భర్త వచ్చాడు, మేడం అతన్ని కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడారు. ఇప్పుడు నెలకోసారి ఇద్దరూ కలిసి వస్తున్నారు. నన్ను చూస్తే చాలు, దూరం నుంచే చెయ్యి ఊపుతుంది. నేను ఆమెకి వైద్యం చేశాననుకుంటుంది పిచ్చితల్లి.

ధనలక్ష్మి నోరు విప్పిన ఆ వారమే, ఆదివారం సాయంత్రం మా హాల్లో పంచాయితీ పెట్టారు. బావగారు, మురళి కుర్చీల్లో, అత్తగారు మంచం మీద. నేను టీ తెచ్చాను.

"ఉష బుధవారం వస్తాది. కుసుమ మానీసినట్టేనా?" అని బావగారు మురళిని అడిగారు.

"మానీసినట్టే" అన్నాడు మురళి.

ట్రే బల్లమీద పెట్టి, పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను. బావగారు ఎత్తిన కప్పు ఎత్తినట్టే పట్టుకుని ఉండిపోయారు. అత్తగారు "ఓలమ్మో!" అన్నారు.

"ఉషని ఎవరైనా అడిగారా?" అన్నాను.

"దాన్ని అడిగేదేటి? పురుడు కాదేటి?" అన్నాడు మురళి.

నేను ఫోను తీసి ఉషకి చేసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాను. "ఉషా, వదినని. అమ్మా, అన్నయ్యలూ ఇక్కడే ఉన్నారు. నీ పురుటికని నన్ను ట్రైనింగు మానెయ్యమంటున్నారు. నీకు ఏం కావాలో నువ్వు చెప్పమ్మా" అన్నాను. ఊరుకున్నాను. ఉష పలకలేదు. మురళి ఏదో అనబోతే చేత్తో ఆపాను. పార్వతీపురంలో ఎవరింట్లోనో కుక్కరు కూత పెట్టింది. ఉన్న ధైర్యమంతా అయిపోతోంది, అయినా నోరు మెదపలేదు.

"నీలు అమ్మ పోస్తాది వదినా" అంది ఉష చివరికి. "పత్తెం వండడానికి మురళన్నయ్యకి సేతుల్లేవేటి? పొద్దుటేల నువ్వు సూపించీసి ఎల్లిపో, ఆడే నేర్చుకుంటాడు."

అత్తగారికి ఫక్కున నవ్వు వచ్చేసింది. మురళి తల దించుకుని కప్పులోకి చూసుకుంటున్నాడు.

"నువ్వు మాత్రం మానీకు వదినా" అంది ఉష. గొంతు తగ్గించింది. "కడుపుతో ఉన్నానని బడి మానిపించీసేరు కదా నన్ను. పిల్ల పుట్టేక మల్లీ టీచరుగా ఎల్తానంటే ఇక్కడ ఒప్పుకోరు. మా పుట్టింట్లో మా వదిన ఎల్తన్నాది కదా అని అడుగుదామనుకుంటన్నాను. నువ్వూ మానీస్తే నేనెవర్ని సూపించి అడగను?"

బావగారు కప్పు కింద పెట్టారు.

"నన్నే సూపించు" అన్నాను. "రేపు పొద్దుట బండికి ఎల్తన్నాను."