బతకని మొక్కల మీద పరిశోధన

పొద్దుటినుంచీ ఆమె కాలుగాలిన పిల్లిలా గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

"వనదేవతా, కాస్త కుదురుగా కూచోవే! నీ అడుగుల అదురుకి నా కుట్టు వంకరపోతోంది," అంది కుట్టుమిషను ముందున్న వదిన. చెట్ల మీద పరిశోధన మొదలుపెట్టిన నాటినుంచీ ఆడపడుచుకి ఆవిడ పెట్టిన పేరది.

నగరాల్లో చెట్ల పెంపకం గురించి పరిశోధించే విద్యార్థులకు ఒక ట్రస్టు ఇచ్చే ఫెలోషిప్‌కి ఆ రోజే ఇంటర్వ్యూ. వస్తే చదువు సాగుతుంది. రాకపోతే అన్నయ్య చూసిపెట్టిన ఉద్యోగంలో చేరాల్సిందే. అయితే ఆమె కంగారు అందుకు కాదు. రింగురోడ్డు పక్కన నాటిన మొక్కలు ఏమయ్యాయన్నదే ఆమె పరిశోధన. చాలావరకు చచ్చిపోయాయి. వాటిని నాటించింది ఆమె గైడే. ఆయనకు పేరుప్రతిష్ఠలు తెచ్చిన పని అది. ఇవాళ ఇంటర్వ్యూ చేసేవాళ్లలో ఆయనా ఒకరు. ఫలితాలు చూపించబోతే, "అక్కడే చెప్పు, అందరితోపాటు వింటాను," అని పంపేశారు. తెలిసే అన్నారో, తెలియక అన్నారో ఆమెకు అంతుచిక్కలేదు.

"చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే నా చదువెందుకు వదినా? ముందు నుయ్యి, వెనక గొయ్యిలా ఉంది."

"ఆ మొక్కలు చచ్చిన సంగతి దారినపోయేవాళ్లకి కనబడదా?"

"ఎందుకు కనబడదు?"

"మరి నువ్వు దాచేదేముందే?"

ఇంటర్వ్యూ గదిలో ఆమె గైడు ముఖంలోకి చూడలేదు. ట్రస్టు అధ్యక్షురాలి వైపే చూస్తూ మొదలుపెట్టింది.

"తప్పు మొక్కలది కాదండీ. ఫుట్‌పాత్ కింద నేల రాయిలా గట్టిపడిపోయింది. గుంతలేమో చిన్నవి. వేళ్లు ఎటూ పోలేక తమ చుట్టూ తామే చుట్టుకున్నాయి. గుంత ఎలా తవ్వితే చెట్టు బతుకుతుందో తేల్చడానికే ఈ ఫెలోషిప్ అడుగుతున్నాను."

"వాటిని ఎవరు నాటించారు?" అధ్యక్షురాలు అడిగింది.

ఆమె అప్పుడు గైడు వైపు తిరిగింది. "మా గైడుగారండీ," అంది చివరికి.

ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "నా విద్యార్థిని కదా, నిర్ణయంలో నేనుండకూడదు," అని లేచి బయటికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆమెకు నిలబడితే తోచలేదు, కూర్చుంటే తోచలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేది, మోగకపోతే పాడైందేమోనని చూసేది. ఒకరోజు నిజంగానే కబురొచ్చింది. ఫెలోషిప్ ఇస్తున్నారు, కానీ గైడుని మార్చుకోవాలి. అలా మార్చమని అడిగింది ఆయనేనట.

వదిన ఎగిరి గంతేసింది. ఆమె మాత్రం చెప్పులు వేసుకుని తిన్నగా కాలేజీకి పరుగెత్తింది.

"నా మీద కోపమా సార్?" గుమ్మంలోంచే అడిగేసింది.

"వచ్చింది. ఆ పూట భోజనం కూడా సయించలేదు. ఆ రోడ్డు మీదుగా వెళ్లడం మానేసి చాలాకాలమైంది నేను. ఎందుకు మానేశానో నువ్వు నలుగురిలో చెప్పేశావు." ఆయన కుర్చీ చూపించారు. "కానీ గైడుని మార్చమన్నది కోపంతో కాదమ్మా. నా పని తప్పని నా కిందే ఉండి రాస్తే, మొహమాటపడ్డావని ఒకడంటాడు, కసి తీర్చుకున్నావని ఇంకొకడంటాడు. నీ మాట నిలబడాలంటే నేను పక్కకి తప్పుకోవాలి."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"మరి మీరేం చేస్తారు సార్?"

"మళ్లీ నాటించొద్దూ? ఎంత తవ్వాలో నువ్వు చెప్పు, నేను తవ్విస్తాను."

అన్నమాట ప్రకారం వానలు పడకముందే ఆయన గుంతలు తవ్వడానికి కూలీల్ని పెట్టారు. మొదటి గుంత దగ్గరే ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. వెడల్పు చాలదని ఆమె, మనుషులు నడవొద్దా అని ఆయన. చివరికి ఆమె చున్నీ నడుముకి బిగించి తనే పలుగందుకుంది. గొణుక్కుంటూనే ఆయన పక్కకి జరిగి చోటిచ్చారు.