పంటితో తెంపిన దారం

లాంచీ దిగుతుంటేనే ఆమె చేతిసంచి పట్టీ పుటుక్కున తెగింది.

"శకునం బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు అన్నయ్య. బస్సు కండక్టరుగా ఇరవై ఏళ్లు జనాన్ని కుక్కిన మనిషి, గంటన్నర లాంచీకే ముఖం పాలిపోయి ఉన్నాడు. "ఊరందరి బట్టలూ కుడతావు. నీ సంచికి మాత్రం దిక్కు లేదు."

ఆమె సంచిని చంకలో ఇరికించుకుంది. అందులో ముఖ్యమైంది ఒక్క కాగితమే.

ఏడేళ్ల కింద ఆమె భర్త చేపల పడవలో, నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లాడు. పడవ తిరిగొచ్చింది, మనిషి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఐసు ఫ్యాక్టరీ మెకానిక్ ఒకాయన ఆమెను పెళ్లాడతానని నాలుగేళ్లుగా ఓపికగా ఎదురుచూస్తున్నాడు. ఆ పెళ్లి జరగాలంటే భర్త పోయినట్టు కోర్టు తేల్చాలి. అందుకు అక్కడి మూడు లంకల గ్రామాధికారులూ అలాంటి మనిషిని చూడలేదని రాసివ్వాలి. ఆ కింద ఆమె, 'నా భర్త బతికి ఉన్నాడనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు' అన్న వాక్యానికి సంతకం పెట్టాలి. రెండు లంకలు రాసిచ్చాయి. ఇది మూడోది.

రేవు నుంచి ఊళ్లోకి ఒకటే దారి. అటూ ఇటూ గడల మీద వలలు ఆరేసి ఉన్నాయి. మూడో వల దగ్గర ఆమె కాళ్లు ఆగిపోయాయి.

మనం మనుషుల్ని ముఖం చూసి గుర్తుపడతాం. ఆమె కుట్టు చూసి గుర్తుపడుతుంది. పాత వలకి కొత్త నీలం దారంతో అతుకు వేసి ఉంది. ముడులన్నీ ఎడమవైపుకి తిరిగి ఉన్నాయి. కొసలు బియ్యపుగింజంత మిగిలి, కత్తి తగిలినట్టు కాకుండా కొరికినట్టు చితికి ఉన్నాయి.

ఆ ముడి ఆమెదే. దారం జారకుండా ఆమె సొంతంగా కనిపెట్టుకున్న ముడి. పెళ్లైన కొత్తలో భర్త చూసి, వలలకి కూడా పనికొస్తుందని పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. కత్తెర చేతికందేంత దూరంలో ఉన్నా పంటితో తెంపడం మాత్రం అతని అలవాటు. ఎంత తిట్టినా మానలేదు. లోకంలో ఆ ముడి తెలిసినవాళ్లు ఇద్దరే.

పక్క వల చూసింది. అదే ముడి. దాని పక్కది, ఆ పక్కది. లంకంతా అదే ముడి.

నీడలో కూర్చుని వల బాగుచేస్తున్న ముసలాయన దగ్గరికి వెళ్లి, ఆ ముడి ఎవరు నేర్పారని అడిగింది. కోడలు చూపించిందన్నాడు. గుమ్మంలో చేపలు శుభ్రం చేస్తున్న కోడలు, పడవల వడ్రంగి దగ్గర నేర్చుకున్నానంది. వడ్రంగి చేతులు తుడుచుకుని, ఇంకెవరు, మా పెద్దాయనే అని ఆ ముసలాయన్నే చూపించాడు. ముగ్గురిలో ఎవరి ముఖంలోనూ అబద్ధం లేదు.

ఆమె మళ్లీ ముసలాయన దగ్గరికొచ్చింది. ఆయన బోసినోటితో నవ్వాడు. నోట్లో ఒక్క పన్ను లేదు.

"తాతా, మరి దారం ఎలా తెంపుతావు?"

"నేను తెంపనమ్మా. ముడేసి వదిలేస్తాను. మర్నాడు చూస్తే తెగి ఉంటుంది." ఆయన అదొక విషయమే కానట్టు చెప్పాడు. "గాలికి ఒరుసుకుంటుందేమో."

అన్నయ్య ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. బావ బతికుంటే ఇంత దగ్గర్లో ఏడేళ్లు ఊరికే కూర్చునే రకమా అని కోప్పడ్డాడు. ఆమెను ఆఫీసు వరండా దాకా దిగబెట్టి, పనయ్యేదాకా లాంచీని ఆపుతానంటూ రేవుకి వెళ్లిపోయాడు.

గ్రామాధికారి ఆఫీసంటే ఒకే గది, రేకుల కప్పు, కాలు విరిగి ఇటుక మీద నిలబడ్డ బల్ల. తెగిన సంచిని వరండా బెంచీ మీద పెట్టి, కాగితం పట్టుకుని ఆమె లోపలికి వెళ్లింది. పొడుగు, గడ్డం మీద మచ్చ, వయసు. భర్త ఆనవాళ్లు ఆమె చెబుతుంటే అధికారి తలెత్తకుండా రాసుకున్నాడు. ఏటిలో కొట్టుకొచ్చినవాళ్లని మీరేం చేస్తారని అడిగింది.

"బతికొస్తే అన్నం పెడతాం, పేరు అడగం," అన్నాడాయన. "చచ్చి వస్తే, అడిగినా చెప్పరు కదమ్మా."

ఆయన ముద్ర వేస్తుండగా బయట చిన్న చప్పుడయింది. టుక్.

దారం పంటితో తెంపిన చప్పుడు. పెళ్లైన మూడేళ్లూ రోజూ సాయంత్రం కుట్టుమిషను పక్కన విన్న చప్పుడు.

ఒక్క ఉదుటున వరండాలోకి వచ్చింది. ఎవరూ లేరు. ముందంతా తడి ఒండ్రునేల. దాని మీద తామిద్దరూ వచ్చిన అడుగులున్నాయి, అన్నయ్య తిరిగి వెళ్లిన అడుగులున్నాయి. ఇంకే అడుగూ లేదు.

బెంచీ మీద సంచి ఉంది. పట్టీని నీలం దారంతో కలిపి ముడేసి ఉంది. ముడి ఎడమవైపుకి తిరిగి ఉంది. ఆమె కొసని వేలితో తాకింది. ఇంకా తడిగానే ఉంది.

"ఏమయ్యా," అంది ఖాళీ వరండాతో. "మెకానిక్ మంచివాడు. నన్ను నవ్విస్తాడు. నువ్వు బతికుంటే ఇప్పుడే నా ముందుకి రా. ఈ కాగితం ఇక్కడే చింపేస్తాను."

నిలబడింది. వలలు కదిలి ఆగాయి. లాంచీ ఒకసారి కూసింది. ఇంకా నిలబడింది. రెండోసారి కూసింది. ఎవరూ రాలేదు.

ముడి విప్పబోయింది. కొస పట్టుకుని లాగితే విడిపోయే ముడే. కానీ పట్టుకోవడానికి ఆ కాస్త కొస చాలలేదు. ఎప్పుడూ ఇంతే, మరీ మొదలంటా కొరికేస్తాడు.

లాంచీలో కూర్చుని ఆ వాక్యం రెండుసార్లు చదువుకుంది. బతికి ఉన్నాడనడానికి ఏ ఆధారమూ లేదు. బతికున్న మనిషైతే ఒండ్రులో అడుగు పడేది. పెన్ను తీసి సంతకం చేసింది.

అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు సంచి కనిపించిందతనికి. "పట్టీ ఎవరు కట్టారే?"

"మీ బావ."

నవ్వబోయి, చెల్లెలి ముఖం చూసి ఆగిపోయాడు. కాసేపు ఆ నీలం ముడి వంకే చూశాడు. తర్వాత మెల్లగా లేచి, ఆమె పక్కన ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా వదిలేసి, ఎదుటి బల్ల మీదికి వెళ్లి కూర్చున్నాడు.