ముద్ర లేని పన్నెండు రొట్టెలు

"ముద్ర మరిచిపోకు," అన్నాడు భర్త, మంచం దిగకుండానే. దొనాతో అతని పేరు.

రొకీనా అప్పటికే పిండి పిసుకుతోంది. మోచేతుల దాకా పిండి ఉంది. నలభై ఏళ్లుగా ప్రతి రొట్టెల రోజునా అతను ఆ మాట అంటాడు. ముద్ర అంటే పిడికెడు కొయ్యముక్క. పైన కోడిపుంజు, అడుగున మామగారి పేరులోని రెండక్షరాలు. ఊళ్లో అందరి రొట్టెలూ ఒకే పొయ్యిలో కాలే రోజుల్లో ఎవరిది ఏదో తెలియడానికి ఇంటికో ముద్ర ఉండేది; ఇప్పుడు ఇంట్లోనే కాల్చుకుంటున్నా దొనాతో దాన్ని వదల్లేదు. పెళ్లైన మర్నాడు అత్తగారు దాన్ని ఆమె చేతిలో పెట్టి, "ఇక నీ చేత్తో ఏం చేసినా అది మాది," అంది. దీవెన అనుకుని రొకీనా తల వంచింది.

ఈ ఏడాది వాళ్ల ఊరు పియెత్రమారాకు యూరప్ సాంస్కృతిక రాజధాని అని పేరొచ్చింది. ఇరవై ఏళ్లుగా మూతపడ్డ ఊరి పొయ్యిని మళ్లీ వెలిగించారు. ఇవాళ పండుగ ప్రారంభం. మొదటి పన్నెండు రొట్టెలూ రొకీనావి. ఎవరో ఫొటో తీసుకెళ్తే గోడలన్నిటి మీదా ఆమె చేతులు వెలిశాయి, మణికట్టు దాకా. కింద భర్త ఇంటిపేరుతో 'కస్కారో వంశం రొట్టె' అని రాశారు. మొహం లేదు. పండుగ ఆఫీసు వాళ్లు కూలి సంగతి ఎత్తితే దొనాతోయే నవ్వేశాడు. "దానికి కూలేమిటండీ, ఇంట్లో రోజూ చేసే పనేగా."

పిండిని మడిచి, నొక్కి, తిప్పి, మళ్లీ మడుస్తుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ మనసు నిలవడం లేదు, కిటికీ దాకా పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది, ఎందుకో తెలియదు. కొత్తగా కాపురానికొచ్చిన ఏడాది ఒక్కసారి ముద్ర వేయడం మరిచిపోయింది. పొయ్యి ముందు ఇరవైమంది ఆడవాళ్లు నిలబడి ఉంటే పొయ్యి చూసేవాడు రొట్టె బయటికి తీసి "ఇది ఎవరిది?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు, "పేరు లేని రొట్టె మా ఇంటిది కాదు. పందులకు వేయండి," అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇన్నేళ్లకూ గుర్తొచ్చేది ఆ నవ్వే. వాళ్ల నవ్వు కాదు, తన నవ్వు.

పది గంటలకు పొయ్యి ముందు జనం. పలక మీద పన్నెండు ముద్దలూ పొంగి ఉన్నాయి. దొనాతో పెళ్లినాటి కోటు తొడుక్కొని వచ్చాడు. జేబులోంచి కోడిపుంజు ముద్ర తీశాడు.

పండుగ ఆఫీసు అమ్మాయి బెయాత్రీచె అతని చెయ్యి పట్టుకుంది. "ఒక్క నిమిషం, బాబాయ్. కొత్త ముద్ర చేయించాం. యూరప్ జెండాలోని పన్నెండు నక్షత్రాలు. ఈ రొట్టె ఇప్పుడు మీ ఇంటిది మాత్రమే కాదు, యూరప్ అందరిదీ."

"యూరప్ వచ్చి పిసికిందా పిండి?" అన్నాడు దొనాతో.

నువ్వు పిసికావా, అనుకుంది రొకీనా.

కౌన్సిలర్ లమాక్యా మధ్యలో దూరాడు. "మీరిద్దరూ ఆగండి. ఊరి పొయ్యి ఇది. ఊరి ముద్ర ఎద్దుతల పడాలి. పైగా రోమ్ నుంచి మంత్రిగారొస్తున్నారు, పక్కన దేశం జెండా కూడా ఉంటే బాగుంటుంది."

"రొట్టె మీదా, తపాలా బిళ్ల మీదా?" అన్నాడు పొయ్యి చూసే ముసలి వీతో. ఎవరూ నవ్వలేదు.

మాట పెరిగింది. మా తాత అన్నారు ఒకరు, మా ఊరు అన్నారు ఇంకొకరు, మనమంతా అంది ఆ అమ్మాయి. ఆమె మంచిదే. రెండు నెలలుగా రొకీనా ఇంట్లో కూర్చుని అన్నీ రాసుకుంది. పులిసిన పిండి గురించి అడిగింది, అత్తగారి గురించి అడిగింది. నీకేం కావాలని మాత్రం అడగలేదు. పొంగిన ముద్దలు మెల్లగా వాలడం మొదలుపెట్టాయి. ఇంకొంచెం ఆగితే రాళ్లవుతాయి. ఆ సంగతి అక్కడ తెలిసింది ఇద్దరికే. వీతో ఆమె వైపు చూశాడు. ఆమె వీతో వైపు చూసింది.

"పెట్టెయ్ అన్నా," అంది మెల్లగా.

వీతో పొడుగాటి పార ముద్దల కిందికి పోనిచ్చి ఒక్కొక్కటే పొయ్యిలోకి తోశాడు. వాళ్లు మూడు ముద్రలూ పట్టుకుని వాదించుకుంటూనే ఉన్నారు. పొయ్యి తలుపు పడిన చప్పుడుకు ముగ్గురూ తిరిగారు. ఒకసారి లోపలికి పోయిన రొట్టె మీద ఇక ముద్ర పడదు.

గంట సేపు ఉపన్యాసాలు నడిచాయి. మంత్రి రొట్టె వాసన గురించి మాట్లాడాడు. రొకీనా కూర్చోలేకపోయింది. ఆ గోడ దగ్గరికీ ఈ గోడ దగ్గరికీ తిరిగింది. ప్రతి గోడ మీదా తన చేతులే.

వీతో తలుపు తెరిచాడు. పన్నెండు రొట్టెలు, ఎర్రగా, పైన ఏ గీతా లేకుండా. పాత అలవాటు, అందరికీ వినబడేట్టు అడిగాడు.

"ఇవి ఎవరివి?"

కెమెరాలు తిరిగాయి. లమాక్యా బెయాత్రీచెను చూశాడు, ఆమె దొనాతోను చూసింది. దొనాతో భార్య చెవి దగ్గరికి వంగాడు. "పరువు తీశావు కదే. ముద్ర సంగతే మరిచిపోయావా?"

"మరిచిపోలేదు," అంది రొకీనా.

అతన్ని దాటుకుని ముందుకెళ్లి, సెగలు కక్కుతున్న ఒక రొట్టెను ఏప్రన్‌లోకి తీసుకుంది.

"నావి."